తలుపు తట్టే ఆట

“తిన్నావా?” అని తెరమీద అక్షరాలు వచ్చాయి.

అక్క చేతులు ఒక్క క్షణం ఆగాయి. గోడ అవతలి గదిలో అమ్మ తలుపేసుకుని ఉంది. “తిన్నాను. నువ్వూ తిను,” అని టైపు చేసింది అక్క. ఆటలో, కొండమీది ఇంట్లో నిలబడ్డ ఆకుపచ్చ స్వెట్టరు కుర్రాడు తలూపి, అదే మాట అన్నాడు.

ఆ ఆట, శబ్దాలు తప్ప, తమ్ముడు ఒంటిచేత్తో తయారుచేసింది. అందులో తుపాకులు లేవు, పాయింట్లు లేవు, గెలవడమన్నదే లేదు. వానలో కొండెక్కి, దీపమున్న ఇంటి తలుపు తట్టాలి. లోపలివాడు తలుపు తీసి మాట్లాడతాడు. అంతే.

“దీన్ని ఎవడాడతాడ్రా?” అని అక్క ఏడిపించేది.

“పెద్ద కంపెనీల ఆటల్లో ఊరంతా పరిగెత్తు, నీకోసం ఎదురుచూసేవాడు ఒక్కడూ ఉండడు. ఇందులో ఉంటాడు,” అనేవాడు వాడు.

లోపలివాడి మాటలు ఇంకా రాయలేదు. అందుకని ఆట ఎలా వస్తోందో చూసుకోవడానికి వాడో ఉపాయం పన్నాడు. వాడు తన గదిలో కూర్చుని ఆడేవాడు. అక్క పక్కగదిలో తన కంప్యూటర్ ముందు కూర్చుని, లోపలివాడికి మాటలు అందించేది. ఆ రెండు కంప్యూటర్లలో తప్ప ఆట ఇంకెక్కడా లేదు. గోడకి ఇటొకరు, అటొకరు కూర్చుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకునేవాళ్ళు.

తర్వాత ఒక వానరోజు బండి జారి తమ్ముడు పోయాడు. అమ్మ మంచం పట్టింది, తిండి మానేసింది. ఈవిడ కూడా దక్కదేమోనని అక్కకి పైప్రాణాలు పైనే పోయాయి. ఒక మధ్యాహ్నం అమ్మని నడిపించుకెళ్ళి వాడి గదిలో కూర్చోబెట్టి, ఆట పెట్టింది.

“వాడు చేసిందమ్మా. తలుపు తట్టి చూడు.”

అక్క తన గదిలోకి వచ్చి కూర్చుంది. చాలాసేపటికి తెరమీద తలుపు చప్పుడైంది. “ఉన్నావా?” అన్న అక్షరాలు చూసి అక్కకి ఏడుపాగలేదు. కళ్ళు తుడుచుకుని, “ఉన్నాను,” అని రాసింది.

ఆ సాయంత్రం అమ్మ బయటికొచ్చి, తనంతట తనే కంచం పెట్టుకుని తింది.

అప్పట్నుంచి రోజూ మధ్యాహ్నం అమ్మ ఆ గదిలోకి వెళ్ళేది. గోడ అవతల కీబోర్డు టకటకలాడేది. అక్క మాత్రం మళ్ళీ ఆ గది గుమ్మం తొక్కలేదు. ఖాళీగా ఉన్న ఆ కుర్చీని చూడలేకపోయేది. ఆట గురించి ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. అది అమ్మ దాచుకున్న సంతోషం అనుకుంది అక్క. మాటలు మరీ పొడిగా ఉండేవి, నాన్నా అనీ కన్నా అనీ పిలుపుండేది కాదు. ఈ వయసులో టైపు కొట్టడమే గొప్ప, ఇంకా ముద్దుపేర్లు కూడానా అని సరిపెట్టుకుంది.

ఒకసారి ఉండబట్టలేక, “అక్కని జాగ్రత్తగా చూసుకో,” అని వాడిలాగే రాసింది.

“చూస్తూనే ఉన్నాను,” అని జవాబొచ్చింది. ఎందుకో ఆమె లేచి కిటికీ మూసింది.

ఆట శబ్దాలన్నీ చేసిపెట్టిన తమ్ముడి స్నేహితుడు ఒకరోజు ఇంటికొచ్చాడు. వాణ్ణి అందరూ ‘సౌండు’ అనేవాళ్ళు.

“వాడు అప్పట్లో పంపిన చిన్న వీడియో ముక్క నెట్‌లో పెడితేనే జనం వెంటపడుతున్నారక్కా. ఇలాంటివి ఎందుకంత నచ్చుతాయో తెలుసా? చేసినవాడు లోపలే ఎక్కడో కూర్చున్నట్టుంటుంది. బయటికి వదిలేద్దాం.”

“లోపలివాడి మాటలో?”

“వాడు మాట్లాడే తీరు నీకు తెలుసుగా, నువ్వు రాయి. ఆ అందించే ఉపాయం మాత్రం తీసెయ్యాలి.”

“ఇంకొన్నాళ్ళు ఆగరా. రోజూ అమ్మ ఆడుతోంది, వాడిలా నేనే మాటలు అందిస్తున్నాను.”

సౌండు ఆమె మొహంలోకి చూశాడు. “అమ్మని మోసం చేస్తున్నావక్కా.”

“తింటోందిరా. నాకది చాలు.”

“మరి నువ్వు? అద్దంలో చూసుకున్నావా? కళ్ళు గుంటలు పడిపోయాయి.”

ఆమె వాణ్ణి గుమ్మందాకా సాగనంపింది. వాడు వెళ్ళిపోయాక వచ్చి, తన కంప్యూటర్ ముందు కూర్చుంది. అమ్మ అప్పటికే ఆ గదిలో ఉంది. తెరమీద వాన కురుస్తోంది. తలుపు చప్పుడవలేదు. ఆకుపచ్చ స్వెట్టరు కుర్రాడు ఒక్కడే కిటికీలో నిలబడి బయటికి చూస్తున్నాడు. గోడ అవతల కీబోర్డు నెమ్మదిగా టకటకలాడింది.

“ఇక నాకు జవాబులు రాయొద్దు. నేను బాగానే ఉన్నాను. నువ్వు వేళకింత తిని పడుకో.”

అమ్మకి తెలిసిపోయింది! ఎప్పట్నుంచి తెలుసో ఏమో! అమ్మ మళ్ళీ మంచం పడితే ఏం చెయ్యాలో తోచలేదు. ఒక్క పరుగున వెళ్ళి తలుపు తోసింది. తమ్ముడి మంచంమీద కూర్చుని అమ్మ దుప్పటి మడతపెడుతోంది. అక్క అటూ ఇటూ చూడకుండా నేలమీద కూలబడి, అమ్మ ఒళ్ళో మొహం దాచుకుంది.

“తిట్టమ్మా, కొట్టు. వాడిలా రాసింది నేనే. నువ్వు కూడా పోతావేమోనని భయమేసింది.”

అమ్మ ఆమె తల నిమిరింది. “ఏం రాశావే?”

“ఆటలో. నువ్వడిగినవాటికి జవాబులు. ఇప్పుడు నువ్వే వద్దన్నావుగా.”

అమ్మ చెయ్యి ఆగిపోయింది.

“నేనేమడిగాను తల్లీ? ఈ మంచంమీద వాలితే వాడి పక్కనున్నట్టు కాస్త కునుకు పడుతోంది. అందుకని వస్తున్నాను.”

“మరి కంప్యూటరు...”

“దాని ప్లగ్గు మొదటిరోజే పీకేశాను.”