లైన్‌లోనే ఉండండి

గంట మోగింది. ఎవరూ కదల్లేదు.

చౌటుప్పల్ హైవే పక్కనున్న ఆ మూడంతస్తుల హోటల్లో గంట మోగడం కొత్తేమీ కాదు. వంటింట్లో ఎండుమిరపకాయల పోపు పడితే చాలు, హోటలంతా గణగణలాడేది. ఆ గోల భరించలేక వంటమాస్టరు మల్లప్ప వంటింటి పైకప్పుకు బిగించిన, పొగను పసిగట్టే మిషన్‌కు పాలిథిన్ కవరు కట్టేశాడు. తన తెలివికి తానే మురిసిపోయాడు కూడా. అందుకే ఈ మధ్యాహ్నం నిజంగానే నిప్పంటుకుంటే, పొగ ముందువైపు మెట్లెక్కి పైకి పోయాకగానీ గంట మోగలేదు. మోగినా, మళ్లీ పోపే అనుకున్నారు జనం.

కౌంటర్లో ఉన్న స్వర్ణలతకు మాత్రం వంటింటి తలుపు సందులోంచి మంట కనిపించింది.

ముందు ఫైరింజన్‌కు ఫోన్ చేసింది. తర్వాత మైకు తీసి వరండాల్లోని స్పీకర్లలో చెప్పింది. అదీ చాలదని ఇంటర్‌కమ్‌లో గదిగదికీ ఫోన్ చేసింది.

“హోటల్లో నిప్పంటుకుందండీ. లిఫ్ట్ ఎక్కకండి. వెనక మెట్ల మీదుగా దిగండి.”

కౌంటర్లో మన యాస పనికిరాదు, అండీ గిండీ తగిలించాలని యజమాని మొదటిరోజే చెప్పాడు. అప్పుడు ఆమెకు ఒళ్లు మండింది. ఇవాళ ఆ అండీనే గట్టిగా పట్టుకుంది.

జనం చెప్పులు కూడా వేసుకోకుండా దిగారు. మేనేజర్ కృష్ణకాంత్ వెనక మెట్ల దగ్గర నిలబడి వచ్చినవాళ్లను వచ్చినట్టే రోడ్డు మీదికి తోలుతున్నాడు. కాసేపటికి వాకీటాకీలో అతని గొంతు వినిపించింది.

“అందరొచ్చిన్రు స్వర్ణా. నువ్వు గూడ బయటికి రా.”

“మూడొందల నాలుగు రాలే సార్.”

“గా రామన్నపేట పెళ్లోళ్లా? వాళ్లు ఫంక్షన్ హాలుకు పోయిన్రు గదా!”

“ఒక పెద్దాయన ఉండిపోయిండు సార్. వెంకటనర్సు అని. మగ్గం గుంటల కూసోని కూసోని మోకాళ్లు పోయినయట.”

పొద్దున ఆ పెళ్లివాళ్లు దిగినప్పుడు తాళాలిచ్చింది రూంబాయ్ మహేశ్. ఆమె వెనక గదిలోనే ఉండిపోయింది. అయినా ఏ గదిలో ఎవరున్నారో ఆమెకు తెలుసు. అది ఆమె పని మరి.

మూడొందల నాలుగులో ఫోన్ మోగి మోగి ఆగింది. మళ్లీ చేసింది. చివరికి ఎత్తాడు.

“ఎవరు?” మాట కంటే దగ్గే ఎక్కువగా వినిపించింది.

“రిసెప్షన్ నుంచండీ. మీరు వెంటనే బయటికి రావాలండీ.”

“తలుపు తీసి చూసిన మేడం. అంత పొగనే. నాతోని గాదు. ఫైరింజన్ వచ్చినంక చూద్దాం.”

ఫైరింజన్ ఎక్కడుందో ఏమో. అది వచ్చేదాకా ఆ పొగలో ఆ ఊపిరి నిలవదు.

“అంతసేపు ఉండకూడదండీ. తలగడ కింద మీ ఆయాసం పంపు ఉంటుంది చూడండి. ముందు అది పీల్చండి.”

అవతల మాట ఆగిపోయింది.

“ఆయాసం ఉన్నవాళ్లంతా అక్కడే పెట్టుకుంటారు కదండీ,” అని గబగబా కలిపింది.

పంపు కొట్టుకున్న చప్పుడు వినిపించింది. తర్వాత ఆయన గొంతు మెత్తబడింది.

“నువ్వు బయటికి పోలేదా బిడ్డా?”

“మీరు వచ్చాకే పోతానండీ.”

“గదేం మాట! నువ్వు పో.”

“మీరు రాకపోతే నేనూ పోనండీ.”

పొగ కౌంటర్ దాకా వచ్చేసింది. ఆమె చున్నీ ముక్కుకు కట్టుకుంది. వాకీటాకీలో కృష్ణకాంత్ అరుస్తున్నాడు. పట్టించుకోలేదు.

“మొండిపిల్లవే,” అన్నాడాయన. “సరె, చెప్పు. ఏం చెయ్యాలె?”

“తువ్వాలు తడిపి మూతికి కట్టుకోండి. నడవలేకపోతే కూర్చునే జరుగుతూ రండి, కింద పొగ తక్కువుంటుంది. గది దాటగానే ఎడమ చేయి గోడకు ఆనించండి. గోడ అయిపోయిన చోటే వెనక మెట్లు. ఇక ఫోన్ వదిలేయండి. నా గొంతు వరండా స్పీకర్లో వినిపిస్తుంది.”

ఫోన్ వదిలేసిన చప్పుడయింది. ఆమె మైకు అందుకుంది.

“గోడ వదలకండి. ఎడమ చేయి గోడ మీదే ఉంచండి. తొందర లేదు. మెల్లగా జరగండి.”

ఆ మైకుతో చెప్పడమే తప్ప అవతలివాళ్ల మాట వినే వీల్లేదు. ఆయన వస్తున్నాడో, ఎక్కడైనా పడిపోయాడో తెలియదు. అయినా చెబుతూనే ఉంది. ఏడుపు తన్నుకొచ్చింది. ఏడిస్తే ఆయనకు మాట అర్థం కాదు. మింగేసింది.

“వచ్చేశారండీ. ఇంకొంచెమే. గోడ వదలకండి.”

ఎప్పటికో వాకీటాకీ గరగరలాడింది.

“వచ్చిండు! పెద్దాయన మెట్ల కాడికొచ్చిండు, పట్టుకున్నం! నువ్వు ఉరుకు స్వర్ణా!”

ఆమె ముందువైపు తలుపులోంచి బయటపడి, పక్కనున్న పంక్చర్ షాపు గోడకు జారబడింది. దగ్గు, ఏడుపు కలిసి వచ్చాయి. వెనక వైపుకు పోవడానికి మాత్రం కాళ్లు రాలేదు.

వాకీటాకీ ఇంకా చేతిలోనే ఉంది. హడావుడిలో కృష్ణకాంత్ తన మీట మీది వేలు తీసినట్టు లేదు. అక్కడి మాటలన్నీ ఇక్కడ వినిపిస్తున్నాయి.

“జర మంచినీళ్లు తాగున్రి పెద్దాయనా. మా రిసెప్షన్ పిల్ల లేకుంటే ఏమైతుండెనో! పిలుస్త, ఒక్క మాట చెప్పిపోన్రి.”

ఆయన కాసేపు దగ్గాడు.

“పిలువకుండ్రి సారూ, గామె నా బిడ్డనే, మాకు మాటల్లేక నాలుగేండ్లాయె, నేను గుర్తువట్టిన అని మాత్రం దానికి చెప్పకుండ్రి.”