గోడ మూల తడి

"ఛీ! సిగ్గులేదూ? మనుషులు తిరిగే చోటే దొరికిందా మీకు?"

కిటికీలోంచి అరిచింది అనూహ్య. పంతొమ్మిదేళ్లొచ్చినా, బస్సులో ఎవరైనా కాలు తొక్కితే కిమ్మనకుండా కాలు వెనక్కి తీసుకునే పిల్ల. అలాంటిది తాత వయసు మనిషి మీద గొంతెత్తింది.

ఎత్తక ఏం చేస్తుంది? రోజూ ఇదే తంతు. పొద్దున్న ఎనిమిదయ్యేసరికి సందు చివరి సూరన్న తాత వస్తాడు. ఆమె అద్దె గది వెనకగోడ మూల అటు తిరిగి నిలబడతాడు. తల వంచుకుంటాడు. కాసేపటికి సన్నగా ధార చప్పుడు. వెళ్లాక చూస్తే నేలంతా తడి, గోడకి తెల్లటి చార. ఆ చార కంటపడితే తిన్న ఇడ్లీ గొంతులోకొచ్చేది. కిటికీ మూసుకున్నా ముక్కులో ఆ వాసనే ఉన్నట్టుండేది.

ఇంటావిడ రామాయమ్మతో చెబుదామని ఎన్నిసార్లో అనుకుంది. అలాంటి మాట నోటికి రాలేదు. ఇప్పుడు చెబుదామన్నా ఆవిడ కూతురి పురిటికని నిన్ననే యలమంచిలి వెళ్లిపోయింది.

సూరన్న ఇటు తిరగబోయాడు. ఏ అవతారంలో తిరుగుతాడోనని ఒళ్లు జలదరించింది అనూహ్యకి. ధడాలున కిటికీ వేసేసింది.

ముందు వాటాలో జాకెట్లు కుట్టే బేబి మిషను ఆపి మరీ కేకేసింది.

"ఓ సూరన్న తాతా! బేగి సర్దుకో పంచి! పిల్ల సూసేస్తంది!"

రోడ్డు మీద టీ తాగుతున్నవాళ్లంతా గొల్లుమన్నారు. తాత గబగబా సందు చివరికి నడిచాడు.

ఆ సాయంత్రమే అనూహ్య దేవుళ్ల బొమ్మలున్న టైల్స్ నాలుగు తెచ్చి, ఆ మూల గోడకి అంటించింది. మర్నాడు సూరన్న సందు మొదట్లోనే ఆగాడు. టైల్స్ వంక కాసేపు చూశాడు. తల దించుకుని వెనక్కి తిరిగాడు. మళ్లీ రాలేదు.

"మడిసికి సెప్తే ఇనడు గానీ దేవుడికి బయపడ్డాడు," అంది బేబి.

వారం తిరిగేసరికి ఆ మూల ఎండి తెల్లబడింది. అనూహ్య హాయిగా కిటికీ తెరుచుకుని టిఫిన్ తింది.

పదో రోజున మొదలైంది అసలు తలనొప్పి.

ఆ గదిలో ఆమె కథలు చదివి రికార్డు చేస్తుంది. ఎదుట మనుషులుంటే పెగలని గొంతు, మైకు ముందు మాత్రం ఏరులా సాగుతుంది. హైదరాబాదులో ఒక ఆడియో పుస్తకాల కంపెనీ పది నిమిషాల నమూనా పంపమంది. నచ్చితే ఏడాది పొడవునా పని. లేదంటే ఊరెళ్లి నాన్నతో జీడితోటలో పిక్కలు ఏరుకోవడమే. శుక్రవారం సాయంత్రం ఆఖరు.

చదివింది వినబోతే, గొంతు వెనకాల 'గుయ్య్' మని ఒకటే రొద. కొయ్యూరు బస్సు హారన్ కొడితే ఆగి మళ్లీ చదవొచ్చు. ఇది ఆగితేగా!

శుక్రవారం పొద్దున్న ఎలక్ట్రీషియన్ కొండబాబు వచ్చాడు. మైకు వైరునీ కరెంటు వైరునీ విడదీశాడు. మైకు తగిలించే మిక్సరునీ కంప్యూటరునీ ఒకే బోర్డుకి పెట్టాడు. రొద తగ్గలేదు. చివరికి కరెంటొచ్చే ఫేజుకీ, నేలలోకి దిగే ఎర్త్‌కీ మధ్య బల్బు పెట్టి చూశాడు. అది గుడ్డిదీపంలా మినుక్కుమంది.

"అదీ సంగతి. నీ ఎర్త్ సచ్చిపోయింది పాపా!"

ఎర్త్ వైరు పట్టుకుని బయటికొచ్చి, కిటికీ దాటి, గోడ వెంట నడిచాడు. సరిగ్గా ఆ మూలకే వెళ్లి ఆగాడు. టైల్స్ కింద ఇటుకముక్క తీస్తే నేలలో పాతిన ఇనుప గొట్టం మూతి కనబడింది. చుట్టూ మట్టిలో స్క్రూడ్రైవరు గుచ్చితే దిగలేదు.

"ఎర్త్‌కి తడే పేణం. మట్టి ఎండిపోతే ఆ రొద పోడానికి దారుండదు. ఇన్నాళ్లూ బాగుందంటే ఇక్కడ రోజూ తడి తగిలేదన్నమాట. ఈమధ్య ఏటైనా ఆగిందేటి?"

అనూహ్య మొహం తిప్పుకుంది. ఆగిందేమిటో ఏ నోటితో చెబుతుంది? ఇన్నాళ్లూ తన గొంతు తేటగా వచ్చింది దాని పుణ్యమా! చదివిన కథలన్నీ ఆ ధారలోనే తడిసినట్టనిపించింది. అప్పటికప్పుడు నోరు పుక్కిలించాలనిపించింది.

తలుపు దగ్గర నిలబడ్డ బేబి పడీపడీ నవ్వింది. "అయితే తాతకి కబురెట్టాల్సిందే! వచ్చి పోసెల్లమనీ!"

"నమూనా పోతే పోయింది. ఆ మనిషి మాత్రం ఈ ఛాయలకి రాకూడదు!" ఏడుపు గొంతుతో అంది అనూహ్య.

ఇంతలో సందులో ఆటో ఆగింది. రామాయమ్మ సంచీతో దిగి, జనాన్ని చూసి ఇటే వచ్చింది.

కొండబాబు ఇవేవీ పట్టించుకోలేదు. గోడ మీది తెల్లటి చారని గోటితో గీకాడు. వేలికంటిన పొడిని అటూ ఇటూ తిప్పి చూసి, నాలిక్కి రాసుకున్నాడు.

"ఛీఛీ! అన్నా, ఉమ్మెయ్యండి!" కెవ్వుమంది అనూహ్య. "అది సూరన్న తాత రోజూ వచ్చి చేసిన పాడు పని!"

రామాయమ్మ సంచీ కింద పెట్టి, తెల్లబోయి చూసింది.

"పాడు పనేటే అమ్మాయ్, నలభై ఏళ్లు ఈ గదిలోనే మైకుసెట్టు నడిపినోడు, నీ గొంతులో గుయ్యి రాకూడదని రోజూ చెంబుడు ఉప్పునీళ్లు ఇంటికాడ కలుపుకొచ్చి మరీ ఆ గొట్టంలో పోసెల్తంటేనీ!"