తెర వంక చూడని మనిషి

ఆ మనిషి తెర వంక చూడటం లేదు.

సలోమి ఇందాకటి నుంచీ గమనిస్తూనే ఉంది. ఏలూరు డేరా సినిమాలో ఆడవాళ్ళ చాపలకీ మగవాళ్ళ బెంచీలకీ మధ్య ఒక తడిక అడ్డం. ఆ తడిక సందులోంచి చూస్తే సరిగ్గా అతనే కనిపిస్తున్నాడు. అందరి మొహాలూ తెర వైపుంటే అతని మొహం జనం వైపుంది. రీలు మార్చడానికి బొమ్మ ఆపి, పెట్రోమాక్సు లైటు పైకెత్తగానే ఒళ్ళోంచి చిన్న పుస్తకం తీసి గబగబా ఏదో రాసుకుంటున్నాడు.

"రత్నాంబగారూ, ఆ మూల మనిషి ఎవరండీ?" అంది, ఒళ్ళో చంటిదాన్ని సర్దుకుంటూ.

రత్నాంబ బజారులో కిరాణాకొట్టు సుబ్బరామయ్య భార్య. చీర చెంగు దగ్గరికి లాక్కుని కూర్చుందే గాని, మాటకి మడి లేని మనిషి.

"ఎవడో పొరుగూరివాడమ్మాయ్. ఆ చూపు చూస్తే తెలియడం లేదూ? సి.ఐ.డి. అయ్యుంటాడు." గొంతు తగ్గించింది. "పోయినవారం ఈ బొమ్మ చూసి వెళ్ళిన దెందులూరు అన్నదమ్ములిద్దర్నీ ఇంటికొచ్చి మరీ పట్టుకుపోయారు. చీకట్లో కేకేసినవాళ్ళ పేర్లు పోలీసులకెలా తెలిశాయంటావ్? లోపల కూర్చున్నవాడెవడో ఇస్తున్నాడు. అన్నట్టు, నువ్వెన్నోసారి రావడం?"

"మూడోసారండీ. ఆయనే తీసుకొస్తారు."

"మూడుసార్లే! మేష్టారికి సరదా ఎక్కువే."

సలోమి చంటిదాన్ని గట్టిగా హత్తుకుంది. పోయినవారం మొదటి కేక వేసింది ఆ అన్నదమ్ములు కాదు. తన మొగుడు, మిషను బడి ఏలీయా మేష్టారు. దేవుడి దయవల్ల ఆయన జోలికి ఎవరూ రాలేదు. ఈసారి వస్తే? ఉద్యోగం పోతుంది, మిషను వారిచ్చిన ఇల్లు పోతుంది. ఆయన జైల్లో కూర్చుంటే తను పాలు తాగే పిల్లతో ఎవరి గుమ్మంలో నిలబడాలి?

లైటు దించారు. తెర మీద రాక్షసరాజు కొలువు. పురాణ కథే. దేవుడి కథ అన్నారు గనకే దొరలు కత్తిరించలేకపోయారని ఊళ్ళో చెప్పుకుంటున్నారు. కాని రాక్షసుడి భటుల కాళ్ళకి కానిస్టేబుళ్ళు చుట్టుకునే గుడ్డ పట్టీలున్నాయి.

"కిరీటం తీసి టోపీ పెడితే వీడు అచ్చం దొరేనమ్మాయ్," అని నవ్వింది రత్నాంబ.

చెరసాలలో భక్తుడి వీపు మీద కొరడా పడింది. "కొట్టండి. ఈ నేల మాత్రం మీ రాజుది కాదు," అన్నాడు భక్తుడు.

"భారతమాతకీ జై!"

ఏలీయా గొంతే. వెనకాలే పది గొంతులు లేచాయి.

రీలు అయిపోయి లైటు పైకెత్తారు. మూల మనిషి బెంచీల వంక ఒకసారి చూసి రాసుకున్నాడు.

సలోమి చంటిదాని తొడ మీద గిల్లింది. పిల్ల డేరా అదిరేలా ఏడ్చింది. ఏలీయా తడిక దగ్గరికొచ్చాడు.

"ఏమైంది సలోమీ?"

"ఏవండీ, ఇంటికెళ్ళిపోదాం. ఆ మూల మనిషి మీ పేరు రాస్తున్నాడండీ."

ఏలీయా అటు తేరిపార చూశాడు. "నాకేం కాదులే. నువ్వు కూర్చో."

"ఎలా తెలుసండీ మీకు?"

"కాదన్నానుగా," అని వెళ్ళిపోయాడు.

తరవాతి రీల్లో ఇంకా గట్టిగా కేకేశాడు. ఈసారి డేరాలో సగం మంది అందుకున్నారు. లైటు పైకెత్తేసరికి మూల మనిషి లేచి నిలబడి మరీ జనాన్ని చూస్తున్నాడు.

ఇక ఆగలేకపోయింది సలోమి. మడీ మైలా చూడకుండా చంటిదాన్ని రత్నాంబ ఒళ్ళో పడేసి, తడిక తోసుకుని మగవాళ్ళ మధ్యకి వచ్చేసింది.

"అతను సి.ఐ.డి! పేర్లు రాస్తున్నాడు! పట్టుకోండి!"

జనం విరుచుకుపడ్డారు. అతని పెదవి చిట్లింది. సుబ్బరామయ్య పుస్తకం లాక్కుని లైటు కింద పెట్టి పైకి చదివాడు.

"'చెర తలుపు పడింది. జనం ఊపిరి బిగబట్టారు. మూడో కొరడా దెబ్బకి ఆడవాళ్ళు ఏడ్చారు, ఇక్కడ గుమ్మెట వాయించడం ఆపాలి.' ఏంటయ్యా ఇది?"

"బుర్రకథ చెబుతానండి," అన్నాడతను నెత్తురు తుడుచుకుంటూ. "మాది గుండుగొలను. అప్పారావంటారు. కొల్లేటి లంకలకి ఈ డేరా దోనెక్కి రాదు కదండీ. అక్కడివాళ్ళకి కథ కట్టి వినిపిద్దామని. బొమ్మ నిన్ననే చూశాను. ఇవాళ జనాన్ని చూడ్డానికి వచ్చానండి. ఎక్కడ ఏడుస్తారో, ఎక్కడ కేకేస్తారో తెలియాలి కదా."

బొడ్లోంచి సగం చించిన టిక్కెట్టు తీసి చూపించాడు.

సలోమి రెండు చేతులూ జోడించింది. "క్షమించండి అన్నయ్యగారూ. మా ఆయన కోసం భయపడ్డానండి."

"టిక్కెట్టు కొన్నవాడు సి.ఐ.డి. ఎలా అవుతాడమ్మా!" తడిక అవతలి నుంచి రత్నాంబ, చంక దిగని చంటిదానితో. "డేరా వేసుకోమని స్థలం ఇచ్చిన మాకే టిక్కెట్టు తప్పలేదు. ఊరికే వచ్చేది పోలీసు స్టేషను పాసు మీద వచ్చినవాడొక్కడే. గేటు వీర్రాజుని అడగండి, వాడే చెబుతాడు."

సుబ్బరామయ్య వీర్రాజు చొక్కా పట్టుకున్నాడు. "చెప్పరా. ఈ ఆటకి స్టేషను పాసు మీద ఎవరొచ్చారు?"

సలోమి మొగుడి కోసం వెతికింది, వచ్చి పక్కన నిలబడతాడని. బెంచీ మీద ఆయన చోటు ఖాళీగా ఉంది.

వీర్రాజు సలోమి వంక చూసి తల దించుకున్నాడు.

"ముగ్గురేనండి. మేష్టారూ, ఈ అమ్మగారూ, ఆ చంటిపిల్లా."