తుప్పు పట్టిన చాసిస్

“ఆపప్పా, ఆపు! నా కొట్టు మీదికే తోల్తాండావే!”

ఓబుళేశు అరుపుకు యేసుప్రసాద్ బ్రేకు మీద నిలబడ్డాడు. పాత పికప్ బండి ముందు చక్రం కాలవ అంచెక్కి ఆగింది. ఇంకో జానెడు ముందుకొచ్చి ఉంటే వెల్డింగ్ మిషన్ అప్పడమైపోయేది.

“చాసిస్ వంకరపోయినాది ఓబుళేసూ. బండి ఎడమకు లాగుతాండాది,” అంటూ దిగాడు యేసుప్రసాద్.

బనగానపల్లెలో ఓబుళేశు వెల్డింగ్ కొట్టు తెలియని బండివాడు లేడు. యేసుప్రసాదేమో ఏళ్ల తరబడి మామిడికాయలు తోలినవాడు. బండి మీద ఒక్క గీత పడనివ్వడని పేరు. అలాంటి మనిషి ఈ మధ్య స్టీరింగ్ పట్టుకుంటే చాలు, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుంటున్నాడు. తోలలేనంటే తమ చర్చివాళ్లు వింటేగా! ఈ మధ్యాహ్నమే నల్లమల ఘాటు దాటి గిద్దలూరులో ఉజ్జీవ కూటాలకు, అంటే పెద్ద ప్రార్థన సభలకు పోవాలి. పిల్లాజెల్లా అంతా ఈ బండిలోనే. చాసిస్ తుప్పు పట్టిందమ్మా అని పాస్టరు భార్య రాహేలమ్మతో అంటే, బాగుచేయించుకురా పో అంది.

ఓబుళేశు జాకీ పెట్టి బండి లేపి కిందికి దూరాడు. టార్చి వేసి, “ఇదో, ఈడ తినేసినాది చూడన్నా,” అన్నాడు.

యేసుప్రసాద్ వంగి చాసిస్ పొడవునా వేళ్లతో తడుముకుంటూ పోయాడు. ఒకచోట వేలు కన్నంలోకి దిగింది. తుప్పు పెళ్లలు పెళ్లలుగా రాలింది. అతనికి ప్రాణం లేచొచ్చినట్టయింది.

“చూసినావా! ఇంగ ఇది పనికి రాదు గదా?”

“ఎవరన్నారు? రెండు పక్కలా పట్టీలేస్తే ఏనుగెక్కినా కదలదు.”

లేచొచ్చిన ప్రాణం కాస్తా ఉసూరుమంది.

“ఘాట్ రోడ్డప్పా. అన్నీ మలుపులే. వెనక పసిబిడ్డలుంటారు. ఏమన్నా అయితే?”

“ఏం గాదన్నా.”

“పోయిన వారం అవుకు రోడ్డులో ఒక పాప సైకిల్ మీద పోతాంది. బండి ఆ బిడ్డ మీదికే పోయినాది. గంట కొట్టింది గాబట్టి సరిపోయినాది. ఆ పొద్దు నుంచి నాకు ముద్ద దిగలే.”

“అదంతా ఈ తుప్పు చేసిన పనే. తీసేస్తా గదా, ఉండు.”

గ్రైండర్ రయ్యిమంది. రవ్వలు లేచాయి. కుళ్లిన ముక్క కోసేసి, ఓబుళేశు ఇనప పట్టీ కొలిచి అతికించడం మొదలుపెట్టాడు. యేసుప్రసాద్ షెడ్డు నీడన కూర్చున్నాడే కానీ ఒంట్లో నిలకడ లేదు. కాసేపటికి లేచి దగ్గరికొచ్చాడు.

“ఓబుళేసూ, ఒక్క సాయం చెయ్యి. రాహేలమ్మ అడిగితే, ఈ బండి ఘాటుకు పనికి రాదని చెప్పు.”

ఓబుళేశు మొహం మీది నల్లద్దం పైకెత్తాడు. “ఏందన్నా, నా కొట్టుకు నన్నే తాళమేయమంటాండావా? నేనేసిన పట్టీ నిలబడదని నేనే చెప్పుకోవాల్నా?”

“ఒక్కసారికప్పా! నీ కాళ్లు పట్టుకుంటా.”

“పిరికిమందు తాగినట్టుండావే! నమ్మకం లేకుంటే ఇదో సుత్తి. నీ ఇష్టమొచ్చినట్టు కొట్టుకో.”

యేసుప్రసాద్ సుత్తి ఎత్తి బలంగా వేశాడు. దెబ్బ టైరు మీద పడింది.

“దాని మీద కోపమేందన్నా!” అని నవ్వాడు ఓబుళేశు.

రెండో దెబ్బకు పట్టీ ఖంగుమంది. మూడో దెబ్బకూ ఖంగుమంది. కొత్త ఇనుము అలా మోగుతుంటే ఎవడైనా సంతోషపడతాడు. ఇతను మాత్రం సుత్తి కింద పడేశాడు.

అంతలో మూటలతో, పిల్లలతో ఒక గుంపు కొట్టు ముందుకు వచ్చింది.

“ఎవరది?” అన్నాడు యేసుప్రసాద్ ఉలిక్కిపడి.

“ఎవరంటావేంది ప్రసాదూ, మన సంఘమే గదా!” రాహేలమ్మ గొంతది. “అయినాదా బండి?”

“అయినాదమ్మా. ఇంగ శానా ఏండ్లు చూసుకునే పని లే,” అన్నాడు ఓబుళేశు.

యేసుప్రసాద్ ఆమెకు చేతులు జోడించాడు. “అమ్మా, ఇంకో డ్రైవర్‌ను చూసుకోండి. నాకు భయంగా ఉండాది.”

“భయమేంది నాయనా? నీ చేతి మీద ఉండే నమ్మకం మాకు ఇంకొకరి మీద ఉంటాదా? నువ్వు తోలకపోతే మేము పోయేదే లే.”

ఒక మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట అన్నాడంటే రేపటి నుంచి లోడుకు పిలిచేవాడుండడు, ఇంట్లో పొయ్యిలో పిల్లి లేవదు. మాటను మింగేశాడు.

మూటలు ఎక్కాయి. ముసలివాళ్లను చెయ్యిచ్చి ఎక్కించారు. బయల్దేరే ముందు బండి మీద చేతులుంచి ప్రార్థన చేయడం ఆ సంఘానికి ఎప్పటినుంచో అలవాటు. కిందున్నవాళ్లు చుట్టూ మూగి డోరు మీద, బానెట్ మీద చేతులు పెట్టారు. ఎవరిదో పసిబిడ్డ వచ్చి యేసుప్రసాద్ వేలు పట్టుకుంది. మెత్తటి చెయ్యి.

రాహేలమ్మ గొంతెత్తింది. “ప్రభువా, ఈ బండిని నీ చేతికి అప్పగిస్తున్నాం. దీని చక్రాలను, దీని ఇనుమును కాపాడు తండ్రీ. మా బిడ్డలను క్షేమంగా చేర్చు...”

“స్తోత్రం, స్తోత్రం,” అన్నారందరూ.

“నువ్వు కూడా ఆమెన్ అను ప్రసాదూ,” అంది రాహేలమ్మ.

యేసుప్రసాద్ తాళంచెవి ఆమె కొంగులో పడేసి, అక్కడే మోకాళ్ల మీద కూలబడ్డాడు.

“చేతులు బండి మీద గాదమ్మా, నా కండ్ల మీద పెట్టండి.”