పెద్దాయన నిద్రపోతున్నారు

"పెద్దాయన గదిలోనే ఉన్నారు. నిద్రపోతున్నారు. ఓవర్."

చెవిలో ఆ మాట పడగానే అతనికి నవ్వొచ్చింది. టీ గ్లాసు బల్ల మీద పెట్టి ఇయర్‌ఫోన్‌ను ఇంకాస్త లోపలికి నొక్కుకున్నాడు. మాట గంట కొట్టినట్టు వినిపిస్తోంది. ఈ వైర్‌లెస్ సెట్లకు వంక పెట్టడానికి లేదు. వంకంతా వాటిని పట్టుకున్న మనుషుల్లోనే ఉంది.

టీ కొట్టుకు ఎదురుగా హోటలు. మూడో అంతస్తు చివరి గదిలో ఒక వ్యాపారస్తుడు దిగాడు. రేపు కోర్టులో తన పాత భాగస్వామి మీద సాక్ష్యం చెప్పాలి. నోరు విప్పేలోపే చంపేస్తామని ఫోన్లు వస్తున్నాయి. అందుకే ఈ పొద్దున కొత్త బాడీగార్డులు వచ్చారు. నల్ల సూట్లు, నల్ల కళ్ళద్దాలు, చెవుల్లోంచి మెలికలు తిరిగిన తీగలు. పైన పటారం, లోన లొటారం.

వాళ్ళ సెట్టు ఒకటి ఇప్పుడు అతని జేబులో ఉంది. వరండాలో ఛార్జింగ్‌కు పెట్టి మర్చిపోయారు. ఆ సమయానికి తలుపు దగ్గర నరమానవుడు లేడు, కాపలావాడు టిఫినుకు వెళ్ళాడు. సెట్టు పోయిందన్న సంగతి కూడా ఇంతవరకూ ఎవరికీ తెలియదు.

నిలబడ్డ చోటునే పేరుగా పెట్టుకుని ఒకళ్ళనొకళ్ళు పిలుచుకుంటున్నారు.

"తలుపూ, లిఫ్టును మాట్లాడుతున్నా. పెద్దాయన పడుకున్నట్టేనా?"

"ఇప్పుడేగా కిటికీ చెప్పాడు, పడుకున్నారని."

"కిటికీ, నువ్వు చూశావా?"

"నేను కింద పార్కింగులో ఉన్నా బాబూ. మూడో అంతస్తు నాకెలా కనబడుద్ది? పొద్దున నువ్వే కదా చెప్పావ్!"

"నేనా? సరే అయితే. అంతా క్లియర్."

ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నాడట వెనకటికొకడు. ఒక్కడంటే ఒక్కడు తలుపు తీసి చూసిన పాపాన పోలేదు. ఒకడి మాటకు ఇంకొకడు సాక్షి. వీళ్ళకు జీతాలు, భోజనాలు, పైగా దండాలు!

"ఏం మనిషిరా ఈయన!" తలుపు దగ్గరవాడు మళ్ళీ అందుకున్నాడు. "వచ్చిన దగ్గర్నుంచి ఒక్క మాట మాట్లాడలా మనతో. వేలు చూపిస్తాడంతే. ఏదున్నా వాళ్ళమ్మాయే చెప్పాలి."

"నోట్లో ముత్యాలున్నాయేమోరా, తెరిస్తే రాలిపోతాయని భయం," అన్నాడు లిఫ్టు.

అందరూ పగలబడి నవ్వారు. అతను నవ్వలేదు. ప్రాణాలు కాపాడమని సెట్లు ఇస్తే ఊసుపోక కబుర్లు చెప్పుకుంటున్నారు. ఒళ్ళు మండిపోయింది. తువ్వాలుతో బట్టతల మీద చెమట తుడుచుకున్నాడు.

"ఏం వింటున్నారు సార్, మ్యాచా?" టీ కొట్టువాడు అడిగాడు.

"కాదు. సర్కస్."

"పైన ఎవరో పెద్ద మనిషి దిగాడట గదా. ప్రాణభయమట పాపం."

"భయమెందుకు? అంతమంది ఉన్నారుగా, చచ్చాక కూడా క్షేమంగా ఉన్నాడని చెప్పడానికి."

డబ్బులిచ్చి లేచాడు. ఇక విని లాభం లేదు. పైకి వెళ్ళి తేల్చుకోవాల్సిందే. దారిలో ఒక్కడైనా ఆపితే సరే. ఎవడూ ఆపకపోతే మాత్రం ఆ పెద్దాయన రేపటి పొద్దు చూడడు. ఆ సంగతి అతనికి బాగా తెలుసు.

మాసిన చొక్కాతో, రబ్బరు చెప్పులతో రోడ్డు దాటి హోటల్లోకి నడిచాడు. లోపల వాళ్ళ చీఫ్ కౌంటరు మీద మోచెయ్యి ఆనించి అక్కడి అమ్మాయికి గొప్పలు చెబుతున్నాడు.

"మాది ఆషామాషీ ఏర్పాటు కాదమ్మా. సూది పడ్డా మా అందరి చెవుల్లో మోగుద్ది."

సూది సంగతేమో గానీ, వెనకనుంచి మనిషి నడిచిపోతే చీఫ్ తల తిప్పలేదు.

లిఫ్టు దగ్గరవాడు తల తిప్పాడు. తిప్పి, "ఎన్నో ఫ్లోరండీ?" అని అడిగి మరీ బటన్ నొక్కాడు. అతనికి చీదర పుట్టింది. దొంగకు నిచ్చెన వేసిచ్చే కాపలావాణ్ణి జన్మలో చూడలేదు.

మూడో అంతస్తు. వరండా చివర తలుపు దగ్గరవాడు గోడవైపు తిరిగి సెట్లో వాళ్ళ అత్తగారి మీద చాడీలు చెబుతున్నాడు. అతను వాడి వీపు వెనకనుంచి వెళ్ళి తలుపు పిడి మీద చెయ్యి వేశాడు.

పిడి కిర్రుమంది.

"ఎవర్రా నువ్వు!"

మరుక్షణం అతని చెయ్యి వీపు మీదికి మెలితిరిగింది. ముక్కు తివాచీకి అంటుకుంది.

"చీఫ్! ఒకణ్ణి పట్టేశా!"

ఉన్నవాళ్ళందరూ కాపలా చోట్లు గాలికొదిలేసి ఒక్క పరుగున వచ్చారు. జేబులు తడిమారు. సెట్టు దొరికింది.

"మనదే! మన మాటలన్నీ విన్నాడు," చీఫ్ ముఖం వెలిగిపోయింది. "వీడు ఆ భాగస్వామి పంపించినోడే. సందేహం లేదు."

"వెధవల్లారా, వదలండి! నేను..."

వీపు మీద మోకాలు ఇంకాస్త దిగింది. మాట గొంతులోనే ఉండిపోయింది.

"నోర్ముయ్ రా! లోపల పెద్దాయన నిద్రపోతున్నారు," చీఫ్ గుడ్లురిమాడు. తర్వాత సెట్టు నోటి దగ్గర పెట్టుకుని, పక్కనే నిలబడ్డ తన మనుషులకే ప్రకటించాడు. "పెద్దాయన క్షేమం. ఓవర్."

అప్పుడే లిఫ్టు తెరుచుకుని పెద్దాయన కూతురు బయటికి వచ్చింది. గుంపును తోసుకుని ముందుకొచ్చి, తివాచీ మీద బోర్లా పడి ఉన్న మనిషిని చూసి కెవ్వుమంది.

"నాన్నా, విగ్గు లేకుండా బయటికెందుకు వచ్చావు?"