తీతువు రాళ్లు పేర్చిన చోటు

తీతువు గట్టు మీద గుడ్లు పెడితే వాన గట్టిగా పడుతుందని, చెరువులో పెడితే ఎండలే కాస్తాయని ఆ అడవిలో జీవులన్నీ నమ్మేవి. ఆ గౌరవానికి తీతువు మెడ నిక్కించే నడిచేది.

ఆ ఏడు తీతువు ఎండిన చెరువు నడుమ గూటికి గులకరాళ్లు పేర్చింది. గట్టు మీదికి రాళ్లు మోయడానికి దానికి బద్ధకం. ఆ మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఇంతలో సముద్రం మీంచి ఒక తెల్లపిట్ట అలసిపోయి వచ్చి వాలింది. “ఇక్కడ గుడ్లు పెట్టకు వదినా! సముద్రం బాగా కాగింది. ఆవిరి పైకి లేచి మబ్బులు కడుతోంది. చుట్టూ ఉన్న గాలంతా అక్కడికే సుళ్లు తిరుగుతూ పోతోంది. ఆ మబ్బులు ఎల్లుండికి నీ నెత్తిన ఉంటాయి” అంది.

“వానల సంగతి నాకే చెప్పొచ్చావా?” అంది తీతువు. అయినా ఆకాశం వైపు ఓసారి చూసింది. కడుపులో గుడ్లున్నాయి మరి. పక్కనే పుట్టలో చీమలు హాయిగా ఉండటం చూసి, “చూశావా, చీమలు కూడా కదల్లేదు!” అంది.

పెద్ద చీమ తలెత్తింది. “నువ్వు చెరువులో రాళ్లు పేర్చావనే మేం కదల్లేదక్కా.”

తీతువు తను పేర్చిన రాళ్ల వంక చూసింది. తనను చూసి చీమలు, చీమలను చూసి తను! చివరికి సిగ్గు దిగమింగి, “లేవండర్రా! నేను ఇక్కడ పేర్చింది బద్ధకంతో” అని అరిచింది. ఆ సాయంత్రమే అందరూ గట్టెక్కారు. మూడో రోజుకి చెరువు నిండింది.

మరుసటి ఏడు చీమలు మళ్లీ వచ్చాయి. “అక్కా, ఈసారి వానలెలా ఉంటాయి?”

“సముద్రాన్నీ గాలినీ అడగండి. నా గూడు చూస్తే నా బద్ధకమెంతో తెలుస్తుంది, అంతే” అంది తీతువు, గట్టు మీదికి రాయి మోస్తూ.