ఒక్కటే స్టూలు

"వారమాయె సార్ జరం. అన్నం సయిస్తలేదు. లేస్తే కండ్లు తిరుగుతున్నయ్," అంది కావ్య, అత్త వెనక గోడకానుకుని నిలబడి.

"దగ్గు గిట్ల ఉందా?" మళ్లీ కావ్యనే అడిగాడు హౌస్‌సర్జన్ పృథ్వీ.

"ఆగవయ్యా!" ప్రొఫెసర్ రాజశ్రీకి ఓపిక నశించింది. పృథ్వీ రోగిని చూసే తీరు పక్కన కూర్చుని గమనించడం, ఆనక తప్పొప్పులు చెప్పడం ఆమె పని. నాచారం ఆసుపత్రిలో ఈ పరీక్ష ఇదివరకే ఒకసారి తప్పాడు. ఈసారీ తప్పితే పోస్టింగ్ మొత్తం మళ్లీ చేయాల్సిందే. అయినా బుద్ధి రాలేదు. స్టూలు మీద కూర్చున్న పెద్దావిడ దుర్గమ్మను పలకరించనైనా లేదు!

"మేడమ్, చీటీలో..."

"చీటీని కాదు, మనిషిని చూడమని ఎన్నిసార్లు చెప్పాను? పెళ్లికూతుర్ని వదిలేసి పేరంటాళ్లతో ముచ్చట్లేమిటి?"

దుర్గమ్మ కంగారుగా లేవబోయింది. "గట్ల గాదు బిడ్డా..."

"నువ్వు కూర్చోమ్మా, లేవకు," అంటూ రాజశ్రీ ఆమె భుజం పట్టి కూర్చోబెట్టింది.

"మేడమ్, ఒక్క మాట..."

"నా ఫీడ్‌బ్యాక్ అయ్యేదాకా నోరెత్తకు! ఈసారి కూడా తప్పావు, పో. రోగి మాట వినడం చేతకానివాడికి మెడలో స్టెతస్కోపెందుకు? తప్పుకో, నేను చూపిస్తాను."

పృథ్వీ మొహం పాలిపోయింది. పక్కకు జరిగాడు.

రాజశ్రీకి ఒళ్లు మండిపోతోంది. ఏటా చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పినా ఒక్కడికీ ఎక్కదు. కోపం దిగమింగి కుర్చీ ముందుకు లాక్కుంది. దుర్గమ్మ చెయ్యి పట్టుకుని నాడి చూసింది. కనురెప్ప కిందికి లాగింది. నాలుక చాపమంది. ఒంట్లో వేడి లేదు, నాడి నిక్షేపంగా ఉంది. వారం నుంచి జ్వరమంటున్నారే!

"చూశావా? ముందు చెయ్యి పట్టుకోవాలి. ఆ తర్వాత పక్కవాళ్లను కాదు, పేషెంటునే నేరుగా అడగాలి," అని పృథ్వీకి చెప్పి, దుర్గమ్మ వైపు ప్రేమగా వంగింది.

"ఇప్పుడు చెప్పమ్మా, నీ బాధేమిటి?"

దుర్గమ్మ బెదురుగా గోడవైపు చూసింది.

"నాకేం బాధ బిడ్డా? జరం నా కోడలికి. ఒక్కటే స్టూల్ ఉందని, పెద్దదాన్నని నన్ను కూసోబెట్టింది."